మామ ముక్కూ, మా నల్ల కారూ

మా నల్ల కారుకు మెకానిక్ ఒక్కడే. ఆయన ముక్కుకు వాసన తెలియడం లేదన్న సంగతి చాలాకాలం ఆయనొక్కడికే తెలుసు. తర్వాత నాకు తెలిసింది. ఇప్పుడు నంద్యాల నూనెపల్లెలో టీ తాగే వాళ్ళందరికీ తెలుసు కాబట్టి రాస్తున్నాను. “రాసుకో పాపా, పేర్లు మాత్రం పెట్టొద్దు” అని ఆయనే అన్నాడు. నాకు అరవై దాటాయి. నన్ను పాపా అని పిలిచేవాళ్ళు ఆయన తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

పాత పెట్రోలు కారు బాగుచేసేవాడికి ముక్కు పోవడమంటే కంసాలికి చూపు పోయినట్టే. కొత్త కార్లకైతే వైరు తగిలించి కంప్యూటర్లో చూస్తారు. పాతవాటికి ఉన్నవి మెకానిక్ చెవి, ముక్కు, వేళ్ళు. అందులోనూ ముక్కుదే పెద్ద పెత్తనం. పెట్రోలు ఎక్కడ కారుతోందో, ఎక్కువ మండుతోందో తక్కువ మండుతోందో, అసలది పెట్రోలో కాదో ముక్కే చెప్పాలి. మామ ముక్కు మీద నమ్మకంతో మా నాయన జీవితాంతం కారు నడిపాడు. ఆ ముక్కు మూతబడిందని తెలిస్తే తన దగ్గరికి ఒక్క బండి కూడా రాదని మామ భయం. ఆ వయసులో పని లేకుండా ఇంట్లో కూర్చోమంటే ఆయన్ని బతికుండగానే మంచం ఎక్కించడమే. ఆ భయం ఎంత నిజమో నాకూ తెలుసు. రిటైరైన మొదటి సోమవారం పొద్దున నేనూ చీర కట్టుకుని, బ్యాగు తగిలించుకుని, బడికి పోవడానికి గేటు దాకా వెళ్ళినదాన్నే.

మామ అంటున్నానే గానీ చుట్టరికం ఏమీ లేదు. మేం కిరాణా వ్యాపారం చేసుకునే కోమట్లం, ఆయన సాయిబు. మా వైపు ఇలాంటి వరసలకు ఎవరూ లెక్కలడగరు. ఆళ్ళగడ్డలో మా నాయనకు కొట్టుండేది. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక డాక్టరు దగ్గర ఆ కారు కొన్నాడు. అప్పటికే అది పాతది. కొట్టుకు సరుకుల కోసం నాయన వారానికి రెండుసార్లు నంద్యాల వచ్చేవాడు. ఆదివారాలు మమ్మల్ని కూడా ఎక్కించుకునేవాడు. నా చోటు వెనక సీట్లో కుడివైపు. ఆ సీటు వెనకే పెట్రోలు ట్యాంకు. ఊళ్ళో పిల్లలకు బస్సెక్కితే వాంతులు, నాకు మా సొంత కారెక్కితే వాంతులు. శిరివెళ్ల మెట్ట దాటేలోగా అమ్మ నా ముక్కు కింద నిమ్మకాయ పెట్టేది. అన్న పక్కకు జరిగి కూర్చుని “నాయనా, ఈయమ్మి కక్కుతాంది, ఆపు” అని కాస్త ముందుగానే అరిచేవాడు. ఆ పెట్రోలు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు కడుపులో తిప్పదు. ఆ ఆదివారాలన్నీ గుర్తొస్తాయి.

నాయనకు పెట్రోలు మీద అనుమానం ఎక్కువ. కందిపప్పులో మట్టిబెడ్డలు ఏరినంత శ్రద్ధగా పెట్రోల్ని వడగట్టేవాడు. కారులో ఎప్పుడూ ఒక ఇత్తడి గరాటు, నాలుగు మడతలు పెట్టిన పాత పంచె ముక్క ఉండేవి. బంకుకు పోగానే దిగి, గరాటులో గుడ్డ పరిచి, దాంట్లోంచే పొయ్యమనేవాడు. బంకులో పిల్లలు నవ్వేవాళ్ళు. వెనక లారీవాడు హారను కొట్టేవాడు. నాయన మాత్రం “పాలు వడగట్టకుండా తాగుతావా అప్పా?” అని నింపాదిగా అడిగేవాడు. పోయడం అయ్యాక గుడ్డను మాకు చూపించేవాడు. తుప్పు నలకలు, ఇసుక, ఒక్కోసారి గుండ్రంగా నిలబడ్డ నీటిబొట్లు. ఒకసారి రెక్కలతో సహా ఒక మిడత దొరికింది. దాన్ని నెల రోజులపాటు కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ వర్ణించి చెప్పాడు.

ఇంకో నియమం కూడా ఉండేది, అదే చివరికి నా కొంప ముంచింది. కొట్లో ఏ డబ్బా అడుగూ కనబడకూడదు. బియ్యం గంగాళంలో చివరి మానెడు తీసేలోపు కొత్త బస్తా కోసి పొయ్యాలి. నూనె డబ్బా ఖాళీ అయినా ఒక గరిటెడు ఉంచి మూత పెట్టాలి. వ్యాపారం చేసే ఇంట్లో గిన్నో ఏనమో ఖాళీగా ఉంటే లక్ష్మి గడప దగ్గరే తిరిగిపోతుందని అవ్వ చెప్పేది. కారు ట్యాంకుకూ అదే న్యాయం. దసరాకు ఆయుధపూజ రోజు పొద్దున్నే నాయన ట్యాంకు మూతిదాకా నింపించుకుని వచ్చేవాడు. అప్పుడే బానెట్ మీద పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు. నిండు బండికే హారతి.

నాలుగు నెలలకోసారి కారు నూనెపల్లెలో మామ షెడ్డుకు పోయేది. అప్పుడాయన సన్నగా, నల్ల మీసాలతో ఉండేవాడు. బానెట్ ఎత్తకముందే కారు చుట్టూ ఒక రౌండు తిరిగి, వెనక పొగ గొట్టం దగ్గర వంగి ఒక్క శ్వాస పీల్చేవాడు. “సేటూ, మొన్న ఏ బంకులో కొట్టిచ్చినావు? కిరసనాయిలు కలిపినాడు వాడు” అనేవాడు. నాయన మురిసిపోయేవాడు. తనను మోసం చేసినందుకు బాధ లేదు, మామ కనిపెట్టినందుకే సంతోషం. తర్వాత కార్బరేటర్ విప్పి, చిన్న చిన్న ఇత్తడి జెట్లు తీసి, గుడ్డ మీద వరసగా పేర్చేవాడు. వాటి కన్నాలు సూది మొనంత ఉంటాయి. పెట్రోలు వాటిలోంచే లెక్క ప్రకారం పోవాలి. తీగ పెట్టి పొడిస్తే కన్నం పెద్దదై లెక్క తప్పుతుంది. అందుకని మామ నోటితో ఊదేవాడు. దానికీ లొంగకపోతే గుర్రపు తోక వెంట్రుకతో శుభ్రం చేసేవాడు. స్టేషను దగ్గర జట్కాలవాళ్ళు ఆయనకు వెంట్రుకలు ఉచితంగా ఇచ్చేవాళ్ళు. జట్కాలు పోయాక చేపలు పట్టే దారం వాడుతున్నాడు. “గుర్రం గుర్రమే పాపా” అని ఇప్పటికీ నిట్టూరుస్తాడు.

నాయన పోయాక కొట్టు అన్నకు, కారు నాకు వచ్చాయి. అన్న దాన్ని ఆళ్ళగడ్డలో పెట్టుకోవడానికి చోటు లేదన్నాడు. నేను నంద్యాలలో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించాను. వాడకం మాత్రం తగ్గిపోయింది. చిన్న కారు ఒకటి ఉంది, కూరగాయలకు, బ్యాంకుకు అది చాలు. నల్ల కారును నెలకోసారి స్టార్టు చేసి పది నిమిషాలు అరిపించి ఆపేసేదాన్ని. కానీ దసరాకు నాయన చేసినట్టే చేశాను. ప్రతి ఏడూ మూతిదాకా పెట్రోలు, పసుపు కుంకుమ, నిమ్మకాయలు. వడగట్టడానికి అదే గరాటు, అదే పంచె ముక్క. ఎంత భక్తో!

నిరుడు దసరాకు కారు స్టార్టు కాలేదు. కీ తిప్పితే ఇంజను నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. చోక్ లాగాను, యాక్సిలరేటరు తొక్కాను, బతిమాలాను, తిట్టాను. చివరికి మామ ఇంటికి ఫోను చేస్తే ఆయన కొడుకు తీశాడు. అతనికి మోటారు సైకిళ్ళ షాపుంది. “అబ్బ పెద్ద పనులు తగ్గిచ్చినాడక్కా. ఎవురన్నా తెచ్చినా ఈ మధ్య వెనక్కి పంపుతాండాడు. ఏమో తెలీదు” అన్నాడు. అయినా గంటలో మామ ఆటో దిగాడు. మీసాలు తెల్లబడి, నడుము కొంచెం వంగింది.

ఆయన ట్యాంకు మూత తీసి, ఎప్పట్లాగే మూతి దగ్గర ముక్కు పెట్టి, తలాడించాడు. ఏమీ అనలేదు. నేను నాలుగడుగుల దూరంలో మెట్ల మీదున్నాను. మురిగిన రంగు డబ్బా మూత తీసినట్టు నాకక్కడికే కంపు కొట్టింది. నన్ను నొప్పించడం ఇష్టం లేక ఊరుకున్నాడనుకున్నాను. మర్యాదకని మాట దాచుకునే మనిషి కాదు మామ. అది నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

గొట్టంతో ఒక గాజుసీసాలోకి పెట్రోలు దించి ఎండలో పట్టి చూశాడు. సీసాలో రెండు పొరలు. పైన పసుపు పచ్చగా పెట్రోలు, కింద రెండు వేళ్ళ మందాన నీళ్ళు.

“ఇదేందీ పాపా?”

ఏందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, ఎక్కువైతే నీళ్ళతో కలిసి అడుక్కి దిగుతుంది. ఈ ముక్క పరీక్షనాళికలో చేసి చూపించి మరీ పిల్లలకు చెప్పినదాన్ని. అదే పెట్రోలు ఏడాది పొడుగునా మూతిదాకా నింపి, కదపకుండా ఉంచితే ట్యాంకు తుప్పు పడుతుందని, పంపులో రబ్బరు ఉబ్బి చీకిపోతుందని నా బుర్రకు తోచలేదు. పాఠం బళ్ళో, పూజ ఇంట్లో. రెండూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

“తినిపిస్తివి, నడిపించకపోతివి” అన్నాడు మామ. “మనిషికైనా అరగదు కదా. మీ నాయన నింపితే వారంలో మూడు దినాలు తిరిగే బండది. నింపేది నేర్సుకున్యావు, తిరిగేది నేర్సుకోల్యా.”

ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టి తిట్టినదాన్ని తల వంచుకుని విన్నాను.

ట్యాంకు విప్పి షెడ్డుకు తీసుకెళ్ళాడు. లోపలి తుప్పు రాలగొట్టడానికి ఆయనకొక పద్ధతుంది. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ళ దగ్గర ఉలి దెబ్బకు రాలిన నల్లరాతి ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. అంచులు కత్తుల్లా ఉంటాయి. అన్నకు ఫోను చేస్తే బస్సులో ఒక సంచెడు పంపాడు, “కారుకు రాళ్ళు తినిపిస్తాండారా ఇప్పుడు?” అని ఒక మాట కూడా పంపాడు. ఆ ముక్కలు, కిరసనాయిలు ట్యాంకులో పోసి, మూత బిగించి, తెలిసినవాడి సరుకుల ఆటో వెనక తాళ్ళతో కట్టేశాడు మామ. రెండు రోజులు ఆ ఆటో ఊరంతా తిరిగింది, ట్యాంకు గడగడలాడుతూ దాంతోపాటు తిరిగింది. “మన రోడ్లను మించిన మిషన్ ఉందా?” అన్నాడు. మూడోరోజు దించి కుమ్మరిస్తే ఎర్రటి బురద వచ్చింది. రాళ్ళన్నీ తీసి, బట్టల సోడా నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాడు.

తుప్పు పోయాక ట్యాంకు పై అంచున మూడు చిల్లులు బయటపడ్డాయి. వాటికి టంకం పెట్టాలి. ఆ పొద్దున నేను చూడ్డానికని షెడ్డుకు వెళ్ళాను. నేను వాకిట్లో ఉండగానే మామ ట్యాంకును బల్ల మీద పెట్టుకుని కూర్చోవడం కనబడింది. మూతి దగ్గర ముక్కు పెట్టి, పీల్చి, “శుభ్రం” అని, పంపు కొట్టి టంకం కరిగించే మంట దీపం వెలిగించాడు. సర్రుమని నీలి మంట లేచింది. అప్పుడే నేను గుమ్మంలోకి వచ్చాను. వాసన మొహాన కొట్టింది. ట్యాంకు మడతల్లో ఎక్కడో చిక్కుకున్న పెట్రోలు ఎండకు ఆవిరై బయటికి తన్నుకొస్తోంది. ఖాళీ ట్యాంకులో ఆవిరికి నిప్పు తగిలితే ఏమవుతుందో తెలియడానికి సైన్సు టీచరే అయ్యుండక్కర్లేదు. “మామా! ఆపు! ఆర్పు దాన్ని!” అని కేక పెట్టాను. ఆయన ఉలిక్కిపడి దీపం మర తిప్పేశాడు. మంటకూ ట్యాంకుకూ మధ్య జానెడు దూరం.

“ఏమైంది పాపా?”

“వాసన రాలేదా నీకు?”

“ఏం వాసన?”

ఆ మాట అన్న తర్వాత ఆయన మొహం మారిపోయింది. ట్యాంకు వైపు చూశాడు, నా వైపు చూశాడు. దీపాన్ని తీసుకెళ్ళి దూరంగా గోడ పక్కన పెట్టి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. నేనూ టైరు మీద కూలబడ్డాను.

“కరోనా జొరం వచ్చినప్పుడు పోయింది” అన్నాడు. “నాకూ మీ అత్తకూ ఇద్దరికీ వచ్చె. ఆమె పాయె. నేను ఉంటి. నా ముక్కు పాయె. వస్తాదిలే అన్యారు. రాల్యా.”

ఆ తర్వాత అంతకాలమూ ఆయన చెవితో, కంటితో నెట్టుకొచ్చాడు. ప్లగ్గు రంగు చూసి, టీ రంగుంటే సరే, నల్లగుంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగుంటే తక్కువ అని ఊహించుకుంటూ వచ్చాడు. ఎవరి ముందైనా వంగి వాసన చూసినట్టు నటించేవాడు. చేతకాదనుకున్న పనులు వెనక్కి పంపేవాడు. నా కారును మాత్రం పంపలేకపోయాడు.

“మీ నాయన బండి” అన్నాడు. “ఎట్ల పంపేది?”

నాకు ముందు కోపమొచ్చింది. ఇంత దాచి, ప్రాణాల మీదికి తెచ్చుకున్నందుకు నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. “నీ కొడుక్కు చెప్పు” అన్నాను. “చెప్తే రేపే షెడ్డుకు తాళం ఏస్తాడు పాపా. ఎవురికీ చెప్పొద్దు” అని చేతులు పట్టుకున్నాడు. ఆయన అలా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పకపోతే ఎవరైనా చస్తారు. చెబితే ఈయన చస్తాడు. ఆలోచించి ఒక షరతు పెట్టాను. వాసన చూడాల్సిన పని ఏదున్నా నేనుండాలి. నేను లేకుండా దీపం వెలిగించకూడదు.

ఆయనా ఒక షరతు పెట్టాడు. “నీకు ఏం వాసనొస్తే అదే చెప్పాల. నాకు బాధైతాదని ఒకటి, సంతోషమైతాదని ఒకటి చెప్పొద్దు. బండి కాడ అబద్ధం పనికిరాదు.”

సరేనన్నాను.

ట్యాంకును మళ్ళీ రెండుసార్లు కడిగాం. నేను ముక్కు పెట్టి చూసి, ఇంకా ఉంది అంటే ఇంకోసారి. ఏమీ లేదన్నాక, చిల్లుల అంచుదాకా నీళ్ళు నింపి, అప్పుడు టంకం పెట్టాడు. పంపులో చీకిపోయిన రబ్బరు మార్చాడు. రాగి పైపు లోపల గాలి కొట్టించాడు. కార్బరేటర్ విప్పి జెట్లన్నీ తుడిచాడు. పంపు కింది గాజు గిన్నెలో పెట్రోలు మళ్ళీ తేటగా నిలబడింది. మధ్య మధ్యలో నాకు పాఠాలు. పెట్రోలు ఎక్కువై మండితే పొగ కళ్ళను గీరుతుంది. తక్కువైతే వేడి ఇసుక వాసన, గొట్టంలో టపటపమని చప్పుడు. సరిగ్గా ఉంటే దాదాపు ఏమీ రాదు. జీవితంలో మొదటిసారి నేను వెనక బెంచీలో కూర్చున్న మొద్దు విద్యార్థిని. “కళ్ళు మండుతాండాయి” అంటే “ఎంత? ఉల్లిగడ్డంతనా, మిరపకాయంతనా?” అని అడిగేవాడు. ఉల్లిగడ్డ అంటే స్క్రూ పావు తిప్పు, మిరపకాయ అంటే అర తిప్పు.

పని పూర్తయ్యాక ఆళ్ళగడ్డ దాకా నడిపి చూద్దామన్నాడు. నేను స్టీరింగు ముందు, ఆయన పక్కన ఒళ్ళో స్క్రూడ్రైవరుతో. కాలవ కింద వరి కోతకొచ్చింది. రోడ్డు నాలుగు వరసలైంది గానీ శిరివెళ్ల మెట్ట అక్కడే ఉంది. మెట్ట ఎక్కుతుంటే కారు గుంజి గుంజి ఆగింది. “ఏం వాసన?” అన్నాడు వెంటనే. కిటికీలోంచి తల బయట పెట్టి, దిగి, బానెట్ ఎత్తి చూశాను. “ఏమీ లేదు మామా. పెట్రోలు వాసనే లేదు.” “అయితే రాడం ల్యా. గాలి పీలుస్తాంది యాడో” అని పంపు దగ్గర బిగింపు తడిమి, రెండు తిప్పులు తిప్పాడు. మళ్ళీ కీ తిప్పగానే కారు మెట్ట ఎక్కింది. పైకెక్కాక ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. నాయన ఉంటే ఈ కథ కూడా మిడత కథలా నెల రోజులు చెప్పేవాడు. ఆయన లేడని ఎన్నేళ్ళకో అంత గట్టిగా అనిపించింది, అయినా ఏడవాలనిపించలేదు.

ఆళ్ళగడ్డలో అన్న కొట్టు ముందు కారాపగానే జనం మూగారు. ఎవరో జీపు ఆసామి “నా బండి గూడా సూడు సాయిబూ, పొగ కక్కుతాంది” అన్నాడు. మామ దర్జాగా వెళ్ళి పొగ గొట్టం దగ్గర వంగి, గట్టిగా పీల్చి, నా వైపు ఒక చూపు చూశాడు. నేను వెనకే నిలబడి ముందుగా అనుకున్నట్టు ఎడమ చేత్తో కొంగు సర్దుకున్నాను. ఎడమైతే ఎక్కువ, కుడైతే తక్కువ. “పెట్రోలు ఎక్కువ తాగుతాంది” అన్నాడు మామ. జీపాయన అబ్బురపడిపోయాడు. దొంగలకు నవ్వాగడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. ఆ తర్వాత రెండు నెలలు నేను వారానికి మూడు పొద్దులు నూనెపల్లె షెడ్డులో స్టూలేసుకుని కూర్చున్నాను. రిటైరైన టీచరమ్మకు మతి పోయిందని మా వీధిలో చెప్పుకున్నారట. చెప్పుకోనీ. బడి విడిచాక మళ్ళీ ఎవరికో పనికొచ్చానని నాకు మహా సంతోషంగా ఉండేది.

ఒక శుక్రవారం నమాజు తర్వాత ఇంటికి రమ్మని మామ కబురు పెట్టాడు. ఏదో కార్బరేటర్ ఇంటికి తెచ్చుకున్నాడేమో అనుకుని వెళ్ళాను. కొడుకు షాపులో ఉన్నాడు, కోడలు టీ ఇచ్చింది. మామ నన్ను లోపలి గదికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఇనప పెట్టె మూత తీశాడు. పాత దినపత్రికలో చుట్టిన ఒక చీర తీసి నా చేతిలో పెట్టాడు. లేత ఆకుపచ్చ చీర, చిన్న చిన్న పువ్వులు.

“మీ అత్త ఆసుపత్రికి పొయ్యేముందు విడిచిన చీర. మళ్ళా రాల్యా కదా. ఉతకనియ్యల్యా నేను” అన్నాడు. “రోజూ పొద్దున తీసి మొహానికి పెట్టుకుంటా. నాకేం తెలీదు. నువ్వు చూసి చెప్పు పాపా. ఆమె వాసన ఉందా ఇంకా?”

ఒక్కో మడతా విప్పి చూశాను. నాఫ్తలీన్ గోళీల ఘాటు. ఇనప పెట్టె వాసన. కాగితం వాసన. కొంగు విప్పి మొహానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఎంత లోతుకు పీల్చగలనో అంత లోతుకు పీల్చాను. వెతికాను. మనిషి లేదు. ఉంది మామా అనాలని నోటిదాకా వచ్చింది. ఆ రెండు ముక్కలకు ఎవరి సొమ్మూ పోదు, ఏ ట్యాంకూ పేలదు. ఆయన నా మొహమే చూస్తున్నాడు, రోడ్డు మీద ఏం వాసన అని అడిగి చూసినట్టే. అబద్ధం చెప్పలేకపోయాను.

“గోళీల వాసన మామా. పెట్టె వాసన. అంతే.”

“కొంగు గూడా చూసినావా?”

“కొంగు గూడా.”

ఆయన పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏం పాపం చేశానా అనుకున్నాను. ఒక్క అబద్ధానికి ఇంత పిసినారితనమా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అప్పుడు ఆయన నెమ్మదిగా అన్నాడు.

“ఇన్ని దినాలు ఆమె ఈ పెట్టెలోనే ఉంది, నా పాడు ముక్కుకే తెలీడం ల్యా అనుకుంటి పాపా. నేనే ఆమెను పోగొట్టుకున్యా అనుకుంటి.” పెట్టె మూత దించాడు. “అయితే ఎవురికీ తెలీదన్నమాట.”

“ఎవరికీ తెలీదు మామా.”

ఆయన తల ఊపాడు. అప్పుడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. కాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని లేచాడు. “ఈ పొద్దు మావాడొస్తానే ముక్కు సంగతి చెప్తా. షెడ్డు మూస్తే మూయనీ” అన్నాడు. తలుపు తీసి కోడల్ని పిలిచాడు.

“మ్మా, ఈ చీర ఉతుక్కుని నువ్వు కట్టుకో. మంచి చీర” అన్నాడు.

ఆ అమ్మాయి చీరను రెండు చేతులా అందుకుంది. మా ఇద్దరి మొహాలూ చూసి, పెరట్లోకి తీసుకెళ్ళి బకెట్లో నానబెట్టింది.